పాట నేర్పిన స్నేహితుడికి కృతజ్ఞత కూడిక పెట్టాలనుకుంటే

మొదటిసారి మేం చేసింది సన్మానం. 2018లో కండక్టరన్న ఆర్టీసీలో రిటైరైనప్పుడు ఊళ్ళో స్నేహితులమంతా చందాలేసుకుని సెంటర్లో ఫ్లెక్సీ కట్టించాం. శాలువా, గజమాల, జ్ఞాపిక తెప్పించాం. ఏడుగురం మాట్లాడాం. నేను "మంచితనానికి మారుపేరు" అన్నాను, నా తర్వాత వచ్చినాయన కూడా అదే అన్నాడు. అన్న ఆ రెండు గంటలూ తల వంచుకుని, శాలువా అంచుని వేళ్ళతో మడతపెట్టి విప్పుతూ కూర్చున్నాడు. చివర మైకు చేతికిస్తే "మహిమంతా దేవునికే. అందరికీ వందనాలు" అని కూర్చున్నాడు. మర్నాడు పొద్దున్నే టీ కొట్టు దగ్గర నన్ను పక్కకు పిలిచి, "అంతసేపు కూర్చున్నాం గదా తమ్ముడూ, ఒక్క పాటైనా పాడుకోలేదేం?" అని అడిగాడు.

ఆ ప్రశ్న నన్ను ఆరేళ్ళు వదల్లేదు. 2025 జనవరిలో రెండోసారి చేశాం. ఈసారి పెట్టింది కృతజ్ఞత కూడిక, అంటే దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవడానికి చర్చిలో అందరూ కలిసే ప్రార్థన కూటం. ఈసారి కుదిరింది. మీకూ అలాంటి స్నేహితుడు ఉండి, ఎంత పొగిడినా దేవుడి ఖాతాలో వేసి తప్పుకునే మనిషైతే, మేం ఎలా చేశామో చెబుతాను.

ఆయన గురించి కొంచెం చెప్పాలి. మాది రేపల్లె వైపు పల్లె, ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వచ్చింది. 1842లో అమెరికా మిషనరీ హేయర్ దొర గుంటూరు వచ్చాక ఈ ప్రాంతంలో లూథరన్ సంఘాలు (ప్రొటెస్టెంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ) పెరిగాయి. మా ఊరి చర్చి కూడా లూథరన్ చర్చే. కండక్టరన్న అక్కడ కొయిర్ నడిపేవాడు. నేను రామాలయం భజనలో డోలక్ వాయిస్తాను. ఇరవై ఏళ్ళప్పుడు ఒక సాయంత్రం వాళ్ళ ఇంటి ముందు నుంచి సైకిల్ మీద వెళ్తుంటే వరండాలో హార్మోనియం మోగుతోంది. వింటే మోహన రాగం, మేం భజనలో రోజూ పాడుకునేదే. సైకిల్ దిగి గోడ పక్కన నిలబడ్డాను. "లోపలికి రా తమ్ముడూ, గోడకి చెవులుంటాయి గానీ చేతులుండవు, తాళం ఎవరేస్తారు" అన్నాడు. చేతికి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఇచ్చి పాట నంబరు కింద అచ్చు వేసిన రాగం, తాళం చూపించాడు. అప్పటిదాకా చర్చి పాటలంటే ఇంగ్లీషు బాణీలనుకునేవాణ్ణి.

ఆ వరండాలో శనివారం సాయంత్రం ఏడింటికి ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు. ఫీజు లేదు, మతం అడగడు. హార్మోనియం ముట్టుకునే ముందు చేతులు కడుక్కుని తుడుచుకోవాలి, అంతే. మా రామాలయం హార్మోనియం తిత్తి చిరిగితే కుట్టిపెట్టింది కూడా ఆయనే. మా ఊళ్ళో పాట వచ్చిన నలభై ఏళ్ళ లోపు వాళ్ళలో సగం మంది ఆ వరండాలో నేర్చుకున్నవాళ్ళే.

ముందు ఎవర్ని అడగాలి

ఆయన్ని అడగొద్దు. అడిగితే వద్దంటాడు. ఇంటావిడను అడగండి. వదిన మొదట భయపడింది. "మళ్ళీ శాలువాలా?" అంది. పాటలు మాత్రమే, ఆయన నేర్పినవే పాడతాం అంటే ఒప్పుకుంది. తర్వాత పాస్టరు అయ్యగారినీ, సంఘ పెద్దల్నీ కలవండి. చర్చిలో పెట్టాలన్నా, పేరులో "కృతజ్ఞత కూడిక" అని వాడాలన్నా వాళ్ళ మాట అవసరం. వాళ్ళ సంప్రదాయంలో కృతజ్ఞత దేవుడికి చెప్పేది. కూడిక పెట్టుకుంటే ఆయన కుర్చీలో ఇబ్బంది పడకుండా కూర్చుంటాడు, ఎందుకంటే అక్కడ మొక్కేది తనకు కాదని ఆయనకు తెలుసు. మనం చెప్పాల్సిన థాంక్స్ మాత్రం ఆయన చెవిన పడుతుంది. సన్మానానికీ దీనికీ తేడా ఇదే. నాకు ఇది అర్థం కావడానికి ఆరేళ్ళు పట్టింది.

తేదీ విషయంలో రెండు జాగ్రత్తలు. శ్రమల కాలంలో, అంటే భస్మ బుధవారం నుంచి ఈస్టరు దాకా, వేడుకలు పెట్టుకోరు. ఆ రోజులు ఏటా మారతాయి. 2026లో అయితే ఫిబ్రవరి 18 నుంచి ఏప్రిల్ 5 వరకు. డిసెంబరు కూడా వద్దు, క్యారల్స్ రౌండ్లతో కొయిర్ వాళ్ళకి నిద్రే ఉండదు. మేం జనవరి 12, భోగికి ముందు రోజు ఆదివారం సాయంత్రం పెట్టుకున్నాం. హైదరాబాద్, బెంగళూరు నుంచి పిల్లలంతా పండక్కి ఊరొచ్చి ఉంటారు. మా లెక్క తప్పలేదు.

జ్ఞాపకాలు అడగడం

ఇక్కడే అందరూ దెబ్బతింటారు. "అన్న గురించి రెండు మాటలు చెప్పు" అని అడిగితే "చాలా మంచి మనిషి" అని వస్తుంది, ఇంకేం రాదు. వాళ్ళ తప్పు కాదు, ప్రశ్న తప్పు. నేను మూడు ప్రశ్నలు తయారు చేసుకుని ఫోన్లు చేశాను. నీకు ఏ పాట నేర్పాడు? అప్పుడు ఎక్కడ కూర్చున్నారు? ఆయన అన్న మాట ఏదైనా గుర్తుందా? మాట్లాడటానికి మొహమాటపడిన వాళ్ళని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టమన్నాను. రాత్రి పడుకునే ముందు పెట్టినవి బాగా వచ్చాయి. రెండు వారాల్లో 23 మంది చెప్పారు.

అందులో ఒకటి ఇక్కడ రాయాలి. ఆమె ఇప్పుడు విజయవాడలో నర్సు. 2003లో రేపల్లెలో ఇంటర్ చదువుతూ ట్యూషన్ చూసుకుని ఆఖరు బస్సులో వచ్చేది. వాళ్ళ ఇల్లు రోడ్డు మీద నుంచి డొంక దారిలో అర కిలోమీటరు. అటూ ఇటూ చేలు, దీపం లేదు. కండక్టరన్న డ్యూటీలో ఉన్న రోజున బస్సు ఆపి, హెడ్‌లైట్లు డొంక వైపు పడేలా కొంచెం తిప్పి నిలబెట్టమని డ్రైవర్‌కి చెప్పేవాడట. ఆమె నడుస్తుంటే ఫుట్‌బోర్డు మీద నిలబడి ఒక పాట ఎత్తుకునేవాడు. పల్లవి, మూడు చరణాలు.

"వెనక నుంచి పాట వినపడుతుంటే నాకు భయం వేసేది కాదు. మూడో చరణంలోకి వచ్చాడంటే మా వేపచెట్టు దగ్గర ఉన్నట్టు లెక్క. గుమ్మంలో లైటు వేసేదాన్ని. అప్పుడు 'రైట్' అనేవాడు. బస్సు కదిలేది. మొదట్లో బస్సులో జనం విసుక్కునేవాళ్ళు. కొన్నాళ్ళకి వాళ్ళు కూడా పాడటం మొదలుపెట్టారు. నేను ఆ పాట నేర్చుకోలేదు బాబాయ్, నడిచాను."

ఈ మెసేజ్ విన్నాక నాకు కూడిక ఎలా ఉండాలో తేలిపోయింది. ఒక్కొక్కరు తమ సంగతి చెప్పాలి, వెంటనే ఆ సంగతిలో ఉన్న పాట అందరూ కలిసి పాడాలి. మాట మూడు నిమిషాలు, పాట మూడు నిమిషాలు. 23 మందిలో ఆరుగురిని ఎంచుకున్నాం. మిగతా వాళ్ళవి కాగితం మీద రాయించి ఒక నోట్‌బుక్‌లో అంటించాం. ఎవరిని ఎంచుకోవాలి అంటే, పేరున్న వాళ్ళని కాదు, పాట గుర్తున్న వాళ్ళని.

క్యాసెట్

వదిన బీరువాలో ఒక క్యాసెట్ ఉంది. 1994 క్రిస్మస్‌కి టూ-ఇన్-వన్ టేప్ రికార్డర్ పెట్టి చర్చిలో రికార్డు చేసింది. అరవై నిమిషాల క్యాసెట్, ఒక్కో వైపు ముప్పై. అన్న గొంతు నిండుగా ఉన్న రోజులవి. మీ స్నేహితుడి ఇంట్లోనూ ఇలాంటిది ఉండే అవకాశం ఎక్కువ, కాబట్టి దీని గురించి వివరంగా చెబుతాను.

దొరికిన వెంటనే ప్లేయర్లో పెట్టి నొక్కకండి. ముందు చిల్లులో పెన్సిల్ పెట్టి నెమ్మదిగా తిప్పి చూడండి. రీలు బిగుసుకుపోయి ఉంటే ప్లేయర్ దాన్ని లాగి తెంపేస్తుంది. ఒక చివర నుంచి ఇంకో చివరకు ఒకసారి చేత్తో తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పండి. క్యాసెట్ పైఅంచున ఉన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలు రెండూ విరిచేయండి, అప్పుడు పొరపాటున రికార్డు బటన్ నొక్కినా పాత పాట చెరిగిపోదు. ప్లేయర్ హెడ్‌ని దూది పుల్లతో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవండి. గోధుమ రంగు మరక దూదికి అంటడం ఆగేదాకా తుడవాలి.

తర్వాత ప్లేయర్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ల్యాప్‌టాప్‌కి ఆడియో వైరు. ల్యాప్‌టాప్‌కి విడిగా లైన్-ఇన్ లేకపోతే, లైన్-ఇన్ ఉన్న చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనుక్కోండి. మైకు రంధ్రంలో పెడితే పాట పగిలిపోతుంది. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేవ్ ఫైలుగా రికార్డు చేయండి. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ చాలు. స్టీరియోలో నిమిషానికి సుమారు 10 ఎంబీ, అంటే ఒక వైపంతా 300 ఎంబీ దాటుతుంది. అది దాచుకోవడానికి. పంచడానికి దాని నుంచి ఎంపీత్రీ చేసుకోండి. శబ్దం తగ్గించే బటన్లు మాత్రం వెంటనే నొక్కకండి. మా క్యాసెట్లో రెండో పాట మధ్యలో ఒక పసిపిల్ల ఏడుపు, ఆ తర్వాత మా అమ్మ దగ్గు ఉన్నాయి. మా అమ్మ పోయి పదకొండేళ్ళు. హిందువైనా ప్రతి క్రిస్మస్‌కీ అన్న పాట కోసం వెళ్ళి చర్చి వెనక వరసలో కూర్చునేది. ఆ దగ్గు తుడిచేసి ఉంటే నేను తట్టుకోలేకపోయేవాణ్ణి.

మొదటిసారి రికార్డు చేసినప్పుడు అన్న గొంతు ఎందుకో బరువుగా, నీరసంగా వినపడింది. వదిన వింటూనే "ఇది ఆయన శ్రుతి కాదు, అప్పట్లో ఆయనది రెండు" అంది. శ్రుతి లెక్కలో అంకె పెరిగేకొద్దీ గొంతు పైకి వెళ్ళినట్టు. క్యాసెట్లో వాయించిన హార్మోనియం ఇంకా వాళ్ళ ఇంట్లోనే ఉంది. పక్కన పెట్టి షడ్జం, అంటే "స", నొక్కి చూస్తే క్యాసెట్ ఒకటిన్నరలో ఉంది. అంటే అర మెట్టు కిందికి. నా ప్లేయర్లో బెల్టు సాగిపోయి నెమ్మదిగా తిరుగుతోంది, అందుకే పాట సాగింది, శ్రుతీ దిగింది. బెల్టు మార్పించి మళ్ళీ రికార్డు చేస్తే రెండుకి వచ్చింది. గొంతులో ఆ వయసు తిరిగొచ్చింది. బెల్టు దొరక్కపోతే ఆడాసిటీలోనే స్పీడు మార్చుకోవచ్చు, అర మెట్టుకి దాదాపు 6 శాతం పెంచితే సరిపోతుంది.

అందుకే ఒక మాట గట్టిగా చెబుతున్నా. హార్మోనియం బాగుచేయించి బహుమతిగా ఇవ్వాలనుకుంటే క్యాసెట్ పని పూర్తయ్యాకే పంపండి. ట్యూనింగ్ చేశాక పాత శ్రుతి పోతుంది, పోల్చుకోవడానికి ఇంకేం మిగలదు.

బహుమతి

జ్ఞాపికలు వద్దు. మొదటిసారి ఇచ్చిన జ్ఞాపిక వాళ్ళింట్లో టీవీ పక్కన ప్లాస్టిక్ కవర్లోనే ఉంది. ఈసారి వదినతో మాట్లాడుకుని, "మా అన్నయ్య వాళ్ళు అడిగారు" అని ఆమె చేత చెప్పించి, హార్మోనియం పది రోజులు గుంటూరు పంపించాం. రెండు మెట్లు పలకడం లేదు, తిత్తి ఎలుకలు కొరికాయి. బాగుచేసే ఆయన రీడ్లన్నీ కొత్తవి వేస్తానన్నాడు. వద్దన్నాం. పాత రీడ్లనే శుభ్రం చేసి, పలకని రెండు మాత్రం మార్పించి, తిత్తి కొత్తది వేయించాం. 3,800 రూపాయలు అయ్యింది. పది మందిమి పంచుకున్నాం.

పాటల కాగితం

పాటలు ఆరు. సాహిత్యం టైపు చేయించి, పైన నంబరు, రాగం, తాళం, శ్రుతి, కింద "ఈ పాట ఫలానా వారికి ఫలానా చోట నేర్పారు" అని ఒక వాక్యం. అక్షరాలు 18 సైజు, పెద్దవాళ్ళు సాయంత్రం వెలుగులో చదవాలి కదా. పాత కీర్తనల్ని రాసినవాళ్ళు పోయి 60 ఏళ్ళు దాటితే సాహిత్యం మీద కాపీరైట్ ఉండదు. కొత్త పాటైతే, ముఖ్యంగా వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టే ఆలోచన ఉంటే, రాసిన వాళ్ళని అడిగి పెట్టుకోండి. ఫోన్ చేస్తే కాదనే వాళ్ళు తక్కువ.

రిహార్సల్ రెండుసార్లు చాలు. కానీ ప్రతి పాటకీ ముందు హార్మోనియం మీద శ్రుతి నొక్కి, అందరూ "స" పట్టుకున్నాకే ఎత్తుకోండి. పిల్లలు హుషారులో పైకి ఎత్తుకుంటారు, చరణానికి వచ్చేసరికి పెద్దవాళ్ళ గొంతు అందదు, పాట విరిగిపోతుంది.

మాట్లాడే వాళ్ళకి

నాలాగా చర్చి బయటి వాళ్ళకి కొన్ని సంగతులు. చెప్పులు బయట విడవండి. మా వైపు ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క చాప మీద కూర్చుంటారు, ఆడవాళ్ళు ప్రార్థనప్పుడు కొంగు తల మీద వేసుకుంటారు. ప్రార్థన చేస్తుంటే లేచి నిశ్శబ్దంగా నిలబడితే చాలు. మనకి రాని మాటలు వచ్చినట్టు పలకక్కర్లేదు. చివర "అందరికీ వందనాలు" అంటే మర్యాద.

రెండు మాటలు మాత్రం అనకండి. ఒకటి, "క్రిస్టియన్ అయినా సరే అందరితో కలిసిపోతాడు." ఆ "అయినా" గుచ్చుకుంటుంది. 2018లో ఒక పెద్దాయన ఆ మాట అన్నప్పుడు వదిన ముఖం నేను చూశాను. అన్న మంచితనం ఆయన విశ్వాసాన్ని దాటుకుని వచ్చింది కాదు, అందులోంచే వచ్చింది, ఆయనే అలా చెబుతాడు. రెండోది, మతసామరస్యం మీద ఉపన్యాసం. ఆయన మన స్నేహితుడు. ఆయన్ని ఉదాహరణగా నిలబెట్టి మాట్లాడుతుంటే మనిషి పక్కకు పోతాడు. డొంక దారి గురించి చెప్పండి, తిత్తి కుట్టిన సంగతి చెప్పండి. వినేవాళ్ళకి మిగతాది అర్థమవుతుంది.

ఆ సాయంత్రం

ఆరింటికి మొదలుపెట్టాం. స్టేజీ లేదు, ఫ్లెక్సీ లేదు. అన్నను మధ్యలో కాకుండా కొయిర్ పక్కన, ఆయన ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చోబెట్టాం. ఇది ముఖ్యం. ఎదురుగా కూర్చోబెడితే ఆయన మళ్ళీ తల వంచుకునేవాడు. అయ్యగారు చిన్న ప్రార్థన చేశారు. ముందు క్యాసెట్ నుంచి ఒక్క పల్లవి వినిపించాం. 1994 నాటి గొంతు స్పీకర్లోంచి వస్తుంటే వెనక వరసలో ముసలమ్మలు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

నర్సమ్మాయి రెండో మనిషిగా మాట్లాడింది. వేపచెట్టు దాకా చెప్పి ఆగిపోయింది, గొంతు రాలేదు. మేం ఆ పాట ఎత్తుకున్నాం. మూడో చరణంలో అన్న కళ్ళు మూసుకుని తొడ మీద తాళం వేస్తున్నాడు. పాట అయిపోయాక చర్చి అంతా నిశ్శబ్దంగా ఉంటే, ఆయనే చిన్నగా, "రైట్" అన్నాడు.

నాలుగో పాటలో పిల్లలు చరణం చివర తొందరపడ్డారు. అన్న చెయ్యెత్తి "ఆగండి, ఆగండి, తాళం పరిగెడుతోంది" అన్నాడు. లేచి వచ్చి హార్మోనియం ముందు కూర్చున్నాడు. కొత్త తిత్తి ఒకసారి ఊది, పలకని రెండు మెట్లూ పలకడం విని నా వైపు చూశాడు, ఏమీ అనలేదు. ఆ ఒక్క లైను నాలుగుసార్లు పాడించాడు. నా చేత కూడా, అయ్యగారి చేత కూడా. గంటన్నరలో ముగించాలనుకున్న కూడిక తొమ్మిదింటి దాకా సాగింది. మా లిస్టులో లేని పాటలు మూడు వచ్చాయి. టీ చల్లారిపోతే మళ్ళీ కాచారు.

అందరూ వెళ్ళాక చాపలు చుడుతుంటే అన్న పాటల కాగితం పట్టుకుని వచ్చాడు. జేబులోంచి పెన్సిల్ తీసి మొదటి పాట మీద శ్రుతి రెండు అని ఉన్నచోట కొట్టేసి, ఒకటిన్నర అని రాశాడు.

"ఇప్పుడు నాకు ఇది, తమ్ముడూ" అన్నాడు. "కాగితాలు మిగిలితే ఓ పది ఇంట్లో ఇచ్చి వెళ్ళు. శనివారం ఏడింటికి డోలక్ తీసుకుని రా, ఆ నాలుగో పాట పిల్లలకి ఇంకా రాలేదు."